ఎక్కువసేపు ఆగిన చోటు

మార్గశిర బహుళ దశమి

చలి: సున్నాకి కింద పదకొండు. గాలి: ఈశాన్యం నుంచి, మొహం కోసేంత. మంచు: కొత్తది నడుముదాకా, పైపొర గట్టిది. బాటరీలు: పదహారింటిలో పద్నాలుగు బాగున్నాయి.

ఇంతవరకు లాడ్జి వాళ్ళ కోసం. ఈ పుస్తకంలో రోజూ నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టమన్నారు. నాలుగు ముక్కలతో ఆపడం నాకు చేతకాదు. చదివేవాళ్ళకి విసుగనిపిస్తే పై వరస చూసి మూసెయ్యొచ్చు.

పొద్దున్నే బాటరీల మీద బొంతలు తీశాను. వంటింటి పొయ్యి పక్కన వాటిని బొంతలు కప్పి పడుకోబెట్టకపోతే చలికి చచ్చిపోతాయి. తరవాత కప్పు మీద మంచు దింపాం. ఈ లాడ్జి ఒకప్పుడు కాఫీతోట బంగళా. తోట ఎక్కడుందో ఇప్పుడు సిల్వర్ ఓక్ చెట్ల కొసలు చెబుతాయి. వేడి తగ్గాలని ఆకాశానికి తెర కట్టిన ఏడాది నేను భీమిలి రేవులో చేపలు ఎండబెట్టే పనిలో ఉన్నాను. ఎండ పోయాక ఆ పనీ పోయింది. కొండ మీద మంచు పడుతోందని, మంచుబండి నడిపేవాళ్ళు కావాలని ఎవరో అంటే చెల్లెలు తవిటమ్మని వెంటబెట్టుకుని ఎక్కాను. పందొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు నన్ను దారిమనిషి నూకరత్నం అంటారు. ఎవరూ వెళ్ళని చోటికి ముందు నేను వెళ్ళి, బాగుందో లేదో చూసి రావాలి.

ఈ ఏడు అదే తలనొప్పిగా ఉంది. పోయిన శీతాకాలం చూసిన చోట్లు అతిథులకి ఎంగిలి. లాడ్జి పెద్దాయన జగన్నాథం గారు రోజూ కాఫీ గ్లాసుతో వచ్చి నా ముందు నిలబడతారు. "కొత్తదేమైనా తగిలిందా రత్నం?" అంటారు. తగలడానికి అదేమన్నా నడిచే వస్తువా? కొండలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఈరోజు మాత్రం నిజంగానే తగిలింది. ప్రతి మంచుబండికీ సీలు వేసిన పెట్టె ఒకటి ఉంటుంది. బండి ఎక్కడుందో అది ఎప్పటికప్పుడు మ్యాప్‌కి చెబుతూ ఉంటుంది. ఏ చోట ఎంతసేపు ఆగారో లెక్కేసి, ఎక్కువసేపు ఆగిన చోటుని మ్యాప్ జాబితాలో పైన పెడుతుంది. బాగోకపోతే మనిషి ఎందుకు ఆగుతాడు? మ్యాప్ లెక్క అదే. నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళూ ఆ లెక్క తప్పలేదు. మా కొండల్లో అందరికంటే ఎక్కువసేపు ఆగింది పసుపుమెట్ట మీద, ఐదు గంటలు.

పేరులేని చోటు జాబితాకి ఎక్కడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇవాళ జాబితా మొదట్లో అలాంటిదొకటి వచ్చింది. ఆగిన బండి ఒక్కటే. ఆగింది ఆరు రోజులు.

ఆ బండి మాదే. గురువులు నడిపే తొమ్మిదో నంబరు.

మార్గశిర బహుళ ద్వాదశి

చలి: పద్నాలుగు. గాలి ఆగలేదు, బండ్లు బయటికి తియ్యలేదు.

గురువులు మా లాడ్జిలో రెండో దారిమనిషి. మార్గశిర శుద్ధ పాడ్యమి పొద్దున బండి తీసుకుని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఎవరూ వెతకలేదు. మా పనిలో మానేసేవాడు చెప్పి వెళ్ళడు. చెప్పి వెళ్తే మిగిలినవాళ్ళకి ఆ ఏడు మంచు కలిసిరాదని నమ్మకం. బండిని ఏదో కొండ మొదట్లో వదిలేసి, బస్సెక్కి ఊరెళ్ళిపోతాడు. వసంతంలో బండి దొరుకుతుంది. నేనొచ్చాక ఐదుగురు అలాగే వెళ్ళారు. వెళ్ళినవాడిని వెతకడం మాలో మర్యాద కాదు, వాడి పేరెత్తడం కూడా కాదు.

అయితే గురువులుకీ తవిటమ్మకీ మాఘంలో పెళ్ళి అనుకున్నాం. అందుకే అది ఇరవై ఆరు రోజులుగా వాడి పేరెత్తకుండా, కనిపించిన ప్రతి గిన్నెనీ చప్పుడయ్యేలా పెడుతోంది.

జాబితా సంగతి దాచాలనుకున్నాను. జగన్నాథం గారు దాచనిచ్చే మనిషా? భోజనాల దగ్గరే బయటపెట్టారు. తవిటమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఆరు రోజులా?" అంది.

"మ్యాప్ అలగే సెప్తంది," అన్నాను.

"నాకు ఒక్క ముక్క సెప్పనేదు. అంత బాగున్న జాగా ఒక్కడే కూకుని సూసుకుని ఊరెల్లిపోనాడు. పోనీ. ఈ పాలి గెస్టుల్ని అక్కడికి నానే అట్టుకెల్తాను. ఆడు సూసిందేటో నానూ సూత్తాను."

తవిటమ్మ అతిథులని తిప్పే గైడు. దానికి పట్టుదల వస్తే దేవుడు దిగి వచ్చినా వినదు. జగన్నాథం గారి మొహం వెలిగిపోయింది. "ముద్ర వేసెయ్ రత్నం, గెస్టులు పంచమికి బయల్దేరతారు," అన్నారు.

ఏ చోటికైనా అతిథులని తీసుకెళ్ళాలంటే దారిమనిషి చూసి ముద్ర వెయ్యాలి. కానీ తోటి దారిమనిషి బండి అప్పటికే వెళ్ళి ఉంటే, ఆ జాడని నమ్మి కూర్చున్నచోటి నుంచే ముద్ర వెయ్యొచ్చు. అందరం చేసే పనే. గాలి మూడు రోజులుగా తగ్గలేదు. నా మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. పైనుంచి తీసిన బొమ్మ చూశాను. చుట్టూ కొండలు, లోపలికి వెళ్ళడానికి మూడు ఇరుకు గొందులు, మధ్యలో చదునైన తెల్లటి నేల. ఒక్క రాయి లేదు, ఒక్క చెట్టు కొస లేదు. అంత చదునైన చోటు ఈ కొండల్లో ఉందని నాకు తెలియదు. గురువులు మీద అసూయ కూడా కలిగింది.

ముద్ర వేసినవాళ్ళే పేరు పెట్టాలి. వెన్నపళ్ళెం అని పెట్టాను.

మార్గశిర అమావాస్య

చలి: పన్నెండు. గాలి: తగ్గింది. బాటరీలు: పదమూడు.

నాకొక సందేహం వచ్చింది. ఇది లాడ్జి వాళ్ళు చదివినా ఫరవాలేదు.

వంటింట్లో ఒక పలక ఉంటుంది. ఎవరు బయటికి వెళ్తే ఏం కట్టిచ్చారో సుద్దముక్కతో రాస్తారు. తిరిగొచ్చాక చెరిపేస్తారు. గురువులు వరస ఎవరూ చెరపలేదు. చోడి రొట్టెలు ఆరు, బెల్లం అచ్చు ఒకటి, ఉల్లిపాయలు రెండు. రెండు రోజుల తిండి. వాడు తినేది నేను ఎరుగుదును, రెండో రోజు మధ్యాహ్నానికే అయిపోయి ఉండాలి. మరి ఆరు రోజులు ఏం తిని ఆ అందం చూస్తూ కూర్చున్నాడు?

జగన్నాథం గారిని అడిగాను.

"బండి అక్కడ వదిలేసి నడిచి వెళ్ళిపోయి ఉంటాడు. బాటరీ అయిపోయేదాకా పెట్టె పలుకుతూనే ఉంటుంది కదా. ఆరు రోజులంటే బాటరీ లెక్కే," అన్నారు.

"అక్కడినుంచి బస్సు దారికి రెండు రోజుల నడకండి. బండి ఉండగా ఎవుడైనా నడుస్తాడేటి?"

"గురువులు సంగతి మనకెందుకు రత్నం? పోయినోళ్ళ గురించి మాట్లాడితే మంచు కలిసిరాదని మీరే అంటారు."

మా మాట మాకే అప్పజెప్పారు. ఆయన చెప్పిందాంట్లో సగం నిజం, ఆరు రోజులు బాటరీ లెక్కే. ఆ సగంతో సర్దుకున్నాను. ముద్ర వేసింది నేను కాబట్టి, నాకు సర్దుకోవాలనే ఉంది.

పుష్య శుద్ధ చవితి

చలి: తొమ్మిది. గాలి: లేదు. మంచు: కొత్తది జానెడు. బాటరీలు: పదమూడు, అన్నీ నిండుగా.

తవిటమ్మ రేపు తెల్లారి బయల్దేరుతుంది. తొమ్మిదిమంది అతిథులు, మనిషికో బండి, దానితో కలిపి పది. అందరూ కింద నగరాల వాళ్ళు. పొద్దుటినుంచి ఫ్లాస్కులు తోమి, బండ్ల అడుగు పట్టాలకి గ్రీజు రాసి, బూట్ల కొలతలు చూసి నడుం పడిపోయింది. అతిథుల్లో ఒకావిడ వెన్నపళ్ళెం అన్న పేరు ఎవరు పెట్టారని అడిగింది. నేనే అన్నాను. చాలా బాగుందంది. నేను వంగి ఆవిడ బూటు కొలత మళ్ళీ చూశాను.

నేను రేపు దక్షిణం వైపు లోయలోకి దిగాలి. ఎప్పుడూ వెళ్ళని వైపు, కిందినుంచి పైకి దారి ఏదైనా ఉందేమో చూడాలి. తవిటమ్మతో నేనూ వస్తానన్నాను, దక్షిణం ఎల్లుండి చూస్తానన్నాను.

"నీకేటి పనే అక్కడ?" అంది. "ముద్ర ఏసినావు కదా. ఇంకా నమ్మకం నేదేటి?"

"నమ్మకమేలే."

"అలగైతే నీ పని నువ్వు సూసుకో. నాకేటీ అవదు. ఆడి మీద కోపంతో బండి తోలతానని నీకు బయ్యం."

నిజానికి నా భయం అది కాదు. దాని కోపం ఎంతో నాకు తెలుసు, అతిథులు వెనక ఉంటే అది ఒళ్ళు దగ్గర పెట్టుకునే నడుపుతుంది. నా భయం ఏమిటో నాకే స్పష్టంగా తెలియక ఊరుకున్నాను. మాటలు రాని భయాన్ని ఎవరికి చెప్తాం?

పుష్య శుద్ధ షష్ఠి

చలి చూడలేదు. బాటరీలు మూడు. మిగిలిన పదీ ఎక్కడున్నాయో కింద రాస్తాను.

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న లాడ్జి చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

నిన్న పొద్దున్నే దక్షిణం లోయలోకి దిగాను. అడుగున ఒక కరెంటు కేంద్రం ఉంది. పెద్ద పెద్ద గొట్టాలు కొండమీదినుంచి దాంట్లోకి దిగుతున్నాయి. మేం పైవాళ్ళం, అది కిందివాళ్ళది. వాళ్ళ దారి వేరు, మా దారి వేరు. పందొమ్మిదేళ్ళలో అటు వెళ్ళే పని పడలేదు. గేటు దగ్గర కాపలాదారు ఒకాయన కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. పేరు పైడయ్య. టీ ఇచ్చాడు. మెడకి ఎర్ర మఫ్లరు, పసుపు గళ్ళు.

ఆ మఫ్లరు నేను ఎరుగుదును. తవిటమ్మ అల్లుతుంటే పక్కనే కూర్చున్నాను. చివర రెండు వరసలు తప్పు పడితే విప్పమన్నాను, విప్పనంది.

"మఫ్లరు బాగుంది బాబూ, ఎక్కడిది?" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది.

"నీళ్ళల్లో వొచ్చిందమ్మా. గొట్టం నోటికాడ ఇనప జాలీ ఉంటాది. సెత్తా చెదారం తగులుకుంటే నానే తీయాల. మార్గశిరం మొదట్లో తగులుకుంది. ఉతికి ఆరేసుకున్నాను."

"ఏ నీళ్ళల్లో?"

"జోడుగెడ్డ డేము నీళ్ళు. ఈ గొట్టాలు అక్కడ్నించే." వేలితో పైకి చూపించాడు. "మూడు గొందులు కనిపిస్తన్నాయా, ఆటి మజ్జిన పల్లం. నిండా నీళ్ళే. ఈ ఏడు కార్తీకం నించీ దింపేస్తన్నారు. కింద ఊళ్ళోళ్ళందరూ హీటర్లు ఎట్టుకుంటన్నారు, కరెంటు సాల్టం నేదంట. పైన కట్టిన గడ్డ ఎక్కడిదక్కడే ఉండిపోనాది. దానికింద నీళ్ళు తాటిసెట్టంత లోతుకి దిగిపోనాయి. మజ్జిన ఏటీ నేదు, ఉత్త గాలే."

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మఫ్లరు అడిగితే ఆయన ఏమీ అడగకుండా తీసి ఇచ్చాడు.

మంచు పైన ఏముందో మా మ్యాప్‌కి తెలుసు. కింద ఏముందో తెలియదు. తెర కట్టి, మంచు పడ్డాక గీసిన మ్యాప్ అది. దానికి ఆ చోట ఎప్పుడూ తెల్లటి నేలే. గురువులు బండి ఆ నేలలో పడింది, కన్నాన్ని కొత్త మంచు కప్పేసింది. బండి నీళ్ళ కింద ఆరు రోజులు పలికింది. ఇక్కడున్నాను, ఇక్కడున్నాను అని. మనవాడికి ఈ చోటు ఎంత నచ్చిందో అనుకుంది మ్యాప్. మేం వెతకలేదు. ఊరెళ్ళాడని ఒట్టేసినట్టు కూర్చున్నాం. దాని పైన నేను ముద్ర వేశాను.

మూడు గొందుల్లో మాకు దగ్గరిదైన పెద్దగొంది చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బండి గొంది మొదట్లోనే ఆపి గట్టుదాకా నడిచాను. పల్లం మధ్యలో పది బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. జంపఖానా పరిచి టిఫిను తింటున్నారు. కొండలు అడ్డం లేకపోవడంతో వైర్‌లెస్ పలికింది.

"తవిటమ్మా, నానే. పెద్దగొందిలో ఉన్నాను. ఎవుల్నీ బండి స్టార్టు సెయ్యనీకు."

"ఏటైందే అప్పా? అలగ వొగురుస్తన్నావేటి?"

"తరవాత సెప్తాను. బండ్లు అక్కడే వొగ్గీసి నడిసి రండి. ఒకళ్ళ ఎనక ఒకళ్ళు కాదు, ఒకళ్ళు గట్టెక్కినాకే ఇంకొకళ్ళు. గెస్టులకి ఇదొక ఆటని సెప్పు. నువ్వు ఆకర్న రా."

"ఇక్కడ కిందనించి ఏటో సప్పుడొస్తందే," అంది నెమ్మదిగా. "తలుపులు ఏస్తన్నట్టు. గెస్టులు ముచ్చటపడి ఫోన్లో రికార్డు సేసుకుంటన్నారు."

"ఇన్నాను. నడిపించు."

తొమ్మిదిమంది గట్టెక్కడానికి మూడు గంటలు పట్టింది. నవ్వుతూ వచ్చారు. పేరు బాగుందన్న ఆవిడ మధ్యలో ఆగి ఫొటో తీసుకుంది. నేను పళ్ళు బిగపట్టి చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. నా జీవితంలో అంత భయపడింది లేదు.

చివరికి తవిటమ్మ ఒక్కతే మిగిలింది. సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"అప్పా," అంది వైర్‌లెస్‌లో. "గురువులు ఊరెల్లనేదు కదే?"

"నడు."

"ఇక్కడే ఉన్నాడా?"

అబద్ధం చెప్పడం నా వృత్తిలో భాగం. ఆ క్షణాన ఒక్కటీ నోటికి రాలేదు. "అవును," అన్నాను. "నడు తల్లీ, నీకు దండం ఎడతాను."

అది కదల్లేదు. కింద చూడలేదు, ఏడవలేదు, ఊరికే నిలబడింది. చప్పుడు మళ్ళీ వచ్చింది, ఈసారి గట్టు మీద నా కాళ్ళకి కూడా తెలిసింది. అప్పుడు నడిచింది. గట్టెక్కి వచ్చి నా చెంప మీద కొట్టింది. ముద్ర నేను వేసినందుకు కొట్టింది. ఆ చేత్తోనే నా భుజం పట్టుకుని వేలాడింది. మఫ్లరు ఇచ్చాను. చివర తప్పు పడిన వరసలు వేళ్ళతో తడుముకుంటూ లాడ్జిదాకా నడిచింది.

పుష్య శుద్ధ సప్తమి

చలి: పదమూడు. ఎండ రాదు కాబట్టి గడ్డ కరగదని కొందరంటారు. కూలడానికి కరగక్కరలేదు.

పొద్దున్నే జాబితా చూశాను. వెన్నపళ్ళెం: పది బండ్లు, నలభై నాలుగు గంటలు, ఇంకా ఆగే ఉన్నాయి. మొదటి అతిథులు వెళ్ళాక కొత్త చోటు అన్ని లాడ్జిలకీ కనిపిస్తుంది. ఇప్పుడు కొండల్లో ఉన్న ప్రతి లాడ్జిలోనూ అందరూ దాన్నే చూస్తున్నారు. ఇంతమంది ఇంతసేపు ఎక్కడా ఆగలేదు. మేం వదిలేసి వచ్చిన బండ్లు బాటరీ అయిపోయేదాకా అలాగే పలుకుతాయి.

ముద్ర తీసెయ్యమని మ్యాప్ ఆఫీసుకి రాశాను. జవాబు గంటలోనే వచ్చింది. ముద్ర తీయాలంటే దారిమనిషి ఆ చోటికి స్వయంగా వెళ్ళి, బండి అక్కడ నిలిపి, అక్కడినుంచే మీట నొక్కాలట. ఈ నియమం రాసినవాడి చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళాలనిపించింది. జగన్నాథం గారు కింద పోలీసులకి చెప్పారు. ఘాటు దారిలో మంచు తీయడానికి మూడు రోజులు పడుతుందన్నారు. కరెంటు కేంద్రానికి ఫోను చేస్తే పైకి రాస్తామన్నారు.

వైర్‌లెస్‌లో అన్ని లాడ్జిలకీ చెప్పాను. అక్కడ మంచు పాడు, వెళ్ళొద్దు, మనుషులు పోతారు అని గొంతు పోయేలా అరిచాను. నవ్వారు.

ఎందుకు నవ్వరు? మంచి చోటు దొరికిన ప్రతి దారిమనిషీ అనేది ఆ మాటే. అక్కడ మంచు పాడైంది, వెళ్ళొద్దు. మిగిలినవాళ్ళు తొక్కకుండా నాలుగు రోజులు ఆ చోటుని మన లాడ్జికే ఉంచుకోవడానికి. పోయిన ఏడు పసుపుమెట్ట గురించి నేనే అన్నాను, ఒక మనిషి కాలు విరిగిందని కూడా కల్పించాను. ఆ మాట విన్నవాడు మర్నాడే అక్కడ తయారవుతాడు. ఇప్పుడు నేను అరిచినకొద్దీ వాళ్ళకి ఆశ పెరుగుతోంది. మనిషి పోయాడని చెబితే, ఎవరని అడిగారు. గురువులు అన్నాను. "ఆడు ఊరెల్లిపోనాడని మీరే సెప్పినారు కదేటి," అన్నాడు ఒకడు. నిజమే, మేమే చెప్పాం.

సాయంత్రానికి మూడు లాడ్జిలు రేపటికి అతిథులని రాసుకున్నాయి.

తవిటమ్మ లోపలినుంచి పెద్ద తాడు చుట్ట తెచ్చి గుమ్మంలో పడేసింది. "ఎల్దాం," అంది.

పుష్య శుద్ధ అష్టమి

పెద్దగొంది గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. మా బండ్లు ఆరు మైళ్ళ దూరంలో, పాత చోటే అయిన పసుపుమెట్ట మీద వదిలేసి నడిచి వచ్చాం. ఇక్కడ ఆపితే ఇదీ లెక్కలోకి వస్తుంది.

మొదటి గుంపు పొద్దెక్కుతుండగా వచ్చింది. పద్నాలుగు బండ్లు. ముందు ఉన్నది ముసలినాయుడు, పేరే ముసలి, వయసు ముప్పైఐదు. మా పక్క లాడ్జి దారిమనిషి. తవిటమ్మ గొందికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో తవిటమ్మా," అన్నాడు నవ్వుతూ. "మేం ఇలాంటి ఏసాలు మీకంటే ఎక్కువే ఏసినాం. ఒక్క పూట సూసి ఎల్లిపోతాం. ఆరు రోజులు కూకోంలే మీ గురువులు లాగ."

"ఆరు రోజులు కాదు," అంది తవిటమ్మ. "ఆరు రోజులు బాటరీ. ఆడు ముప్పైయేడు రోజుల్నించి అక్కడే ఉన్నాడు."

మెడలో మఫ్లరు విప్పి చూపించింది. కరెంటు కేంద్రం జాలీ సంగతి చెప్పింది. ఒక్క ముక్క వదల్లేదు, నేనైతే అలా చెప్పలేను. ముసలినాయుడు నా వైపు చూశాడు. అబద్ధాలాడే మొహం ఎలా ఉంటుందో మా వాళ్ళకి తెలుసు. వాడు నా మొహంలో అది వెతికాడు, దొరకలేదు. అతిథులు వెనకనుంచి ఎందుకాగామని అరుస్తుంటే, వెనక్కి తిప్పండి అని గట్టిగా కేకేశాడు. వాళ్ళని లాడ్జి దారిలో పెట్టి, తాను మాత్రం రెండో గొంది కాయడానికి వెళ్ళాడు.

మూడో గొంది అవతలి ఒడ్డున ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే నాలుగు గంటలు. ముసలినాయుడు రెండోది చేరాక అటు వెళ్తానన్నాడు.

వెళ్ళేలోపే వాళ్ళు వచ్చేశారు.

మూడో గొందిలోంచి ఎనిమిది చుక్కలు మంచు మీదికి దిగాయి. ఏ లాడ్జో తెలియదు. వైర్‌లెస్‌లో పిలిచాను, వాళ్ళ సెట్టు వేరే నంబరు మీద ఉంది కాబోలు, పలకలేదు. ఇద్దరం అరిచాం. అంత దూరం మాట వెళ్ళదు. తిన్నగా మా పది బండ్ల దగ్గరికి వచ్చారు. వాటి చుట్టూ తిరిగి, వరసకి తమ బండ్లూ కలిపి, దిగారు. ఇప్పుడు మధ్యలో పద్దెనిమిది బండ్లు ఉన్నాయి.

తవిటమ్మ తాడు నడుముకి కట్టుకుంది. నేను వద్దనలేదు. అంటే వింటుందా, విన్నా వాళ్ళనేం చెయ్యాలి? గట్టు మీద సిల్వర్ ఓక్ మొద్దు ఉంది. తాడు రెండో కొస దానికి మూడు చుట్లు చుట్టి, నా నడుముకి కూడా కట్టాను. అది పొట్ట మీద పాకుతూ వెళ్తోంది. వాళ్ళకి కనిపించేంత దగ్గరికి వెళ్తే చాలు. తాడు సగం అయిపోయింది. పట్టు సడలినప్పుడల్లా ఒక వరస రాస్తున్నాను.

చప్పుడు వచ్చింది. ఆరోజు విన్నట్టు లేదు, సాగుతూ పోయింది.

తవిటమ్మ మోకాళ్ళ మీద లేచింది. ఎర్ర మఫ్లరు రెండు చేతులతో పైకెత్తి వెనక్కి పొండి, వెనక్కి పొండి అని ఊపుతోంది. వాళ్ళు చూశారు. ఎనిమిదిమందీ చూశారు.

అందరూ సంతోషంగా తిరిగి చేతులు ఊపుతున్నారు. ఒకళ్ళు బండి ఎక్కి దాని వైపే వస్తున్నారు.